కోసిన కలపకు పాత ప్లాస్టిక్ కప్పు: పలాస–ఉద్దానం ప్రాంతం

కోత మిల్లులో దుంగ పలకలుగా, వాసాలుగా విడిపోయినప్పటి నుంచి వానా ఎండా బూజూ దాన్ని వెంటాడతాయి. వాటి నుంచి కాపాడేందుకు కట్టల మీద కప్పే షీట్లను వాడి పారేసిన ప్లాస్టిక్‌ను కరిగించి తయారుచేయడం ఇప్పుడు అనేక దేశాల్లో ఉంది. శ్రీకాకుళం జిల్లాలో దీని సంగతి కలప ఒక్కదాన్నే చూస్తే తేలదు. పాత ప్లాస్టిక్‌కు ఎక్కడ చోటుందో, ఎక్కడ లేదో పలాస జీడిపప్పు పక్కన పెట్టి చూస్తే స్పష్టంగా కనిపిస్తుంది.

కోస్తాలో తాటాకులు, కొబ్బరి కమ్మలు, ఆ తర్వాత నూలు బరకాలు కప్పుగా పనిచేశాయి. ఆకు నీటిని జార్చేస్తుంది, గాలిని ఆపదు. ఈ గుణం ఎంత విలువైనదో ప్లాస్టిక్ వచ్చాకే తెలిసింది. 1933లో ఇంగ్లండ్‌లోని రసాయన సంస్థ ఐసీఐ ప్రయోగశాలలో అనుకోకుండా బయటపడిన పాలిథిన్ ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో ఉత్తర యూరప్ కలప కట్టల మీదికి చేరింది. అక్కడి పద్ధతిలో కట్ట పైభాగాన్ని, నాలుగు పక్కలను కప్పి అడుగును వదిలేస్తారు, లోపలి తేమ కిందికి దిగిపోవడానికి. మన ఊళ్లలో చవకగా దొరికే నల్ల షీట్లలో పాత ప్లాస్టిక్ కలవడం మామూలే. అలా కలపడానికి మంచి ప్రమాణం ఏమిటన్నదే ఇప్పటి ప్రశ్న.

జీడిపప్పు దారి వేరు. 1920ల్లో పశ్చిమ తీరం నుంచి అమెరికాకు పంపిన పప్పు తేయాకు పెట్టెల్లో పురుగు పట్టింది. అందుకే గాలి తీసేసి కార్బన్ డయాక్సైడ్ నింపిన రేకు డబ్బాలు వచ్చాయి. డబ్బాకు 25 పౌన్లు, అంటే 11.34 కిలోలు. ఆ కొలత ఎగుమతి వ్యాపారంలో చాలాకాలం నిలిచింది. తర్వాత డబ్బా స్థానంలో పొరల సంచి వచ్చింది. తినే వస్తువు కాబట్టి దాన్ని తాకే చోట పాత ప్లాస్టిక్‌ను చట్టం చాలాకాలం నిషేధించింది, ఇప్పుడైనా ఆహార భద్రత ప్రమాణాలకు లోబడితేనే ఒప్పుకుంటుంది. కలపకు ఈ అడ్డు లేదు. అయితే పలాస సంచి నేరుగా కలప కప్పు అవుతుందని అనుకోకూడదు. రెండు మూడు రకాల పొరలు అతికిన ఆ సంచి కరిగిస్తే సరిగా కలవదు. పాలపాకెట్లు, సరుకు చుట్టిన పల్చటి పాలిథిన్ వంటి ఒకే రకం ప్లాస్టిక్కే షీటుగా సాగుతుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు మండల తీరాన్ని దాటి, పలాస చుట్టుపక్కల ఉద్దానం తోటల్లో లక్షల కొబ్బరి, జీడిమామిడి చెట్లను కూల్చింది. కప్పు ఎంత అవసరమో, ఎంత ప్రమాదమో చెప్పడానికి కూలిన కొబ్బరి మాను మంచి ఉదాహరణ. దాని అంచు గట్టిది, నడుమ మెత్తది. నడుమ భాగంలో నీరు, తీపి పదార్థాలు ఎక్కువ కాబట్టి కోసిన పలక మీద బూజు తొందరగా మచ్చలు వేస్తుంది. తేమ సుమారు 20 శాతం కంటే దిగితే ఆ బూజు ఎదగలేదు. పచ్చి పలకలను ప్లాస్టిక్‌లో బిగించి చుట్టడం అందుకే వాటిని చేజేతులా కుళ్లబెట్టడం. వరసల మధ్య సన్నబద్దలు వేసి, పైన మాత్రమే షీటు కప్పి, పక్కలు వదిలేయాలి. పూర్తి చుట్టు ఆరిన కలపకే. ప్లాస్టిక్ కలపను పాడుచేస్తుందన్న ఆక్షేపణలో నిజముంది గాని, తప్పు కప్పిన తీరుది. కొత్త షీటు కప్పినా అదే జరుగుతుంది.

పాత ప్లాస్టిక్ బలహీనం అన్నది మరో అభ్యంతరం, ఇది ఇంకాస్త బరువైనది. ఒకసారి కరిగిన పాలిథిన్‌లో చెత్త రేణువులు ఉంటే సూదిబెజ్జాలు పడతాయి, తీరపు ఎండకు షీటు పెళుసుబారుతుంది. బొగ్గుమసి సుమారు 2 శాతం కలిపితే ఎండ దెబ్బ బాగా తగ్గుతుంది, పాత సరుకును నడి పొరలో ఉంచి రెండు వైపులా కొత్త పాలిథిన్ వేస్తే బెజ్జాల బెడద తగ్గుతుంది. నల్లరంగు వేడెక్కుతుంది నిజమే, ఆరిన కలపకు అది పెద్ద నష్టం కాదు. చిరిగిన ముక్కలు ఇసుకలోకి, సముద్రంలోకి పోతాయన్న భయాన్ని మాత్రం తేలిగ్గా తీసేయలేం. ఈ జిల్లా తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. పల్చటి షీటు ఒక వర్షాకాలానికే చీలిపోతే, అది పాతదైనా కొత్తదైనా తీరానికి హానే. కాబట్టి పాత ప్లాస్టిక్ వాటా ఎంత అని అడిగే ముందు షీటు మందం ఎంత అని అడగాలి.

2022 ఫిబ్రవరిలో కేంద్రం ప్రకటించిన ఉత్పత్తిదారుల బాధ్యత నిబంధనలు మెత్తటి ప్లాస్టిక్ ప్యాకింగ్‌లో 2025–26 నుంచి 10 శాతం, 2028–29 నాటికి 20 శాతం పాత ప్లాస్టిక్ ఉండాలన్నాయి. కలప కప్పు ఇంతకంటే చాలా ఎక్కువ మోయగలదు, ఎందుకంటే దాన్ని ఎవరూ నోట్లో పెట్టుకోరు. దాన్ని వెనక్కి రాబట్టడమూ తేలికే. పాలపాకెట్టు వేల ఇళ్లలో తెగి చెల్లాచెదరవుతుంది. కలప కట్ట మిల్లులోనో అడితిలోనో కట్టడం దగ్గరో విప్పుతారు, షీటు అక్కడే పెద్ద ముక్కగా, ఒకే రకం ప్లాస్టిక్‌గా చేతికొస్తుంది. దాన్ని వెనక్కి తీసుకుని తూకానికి డబ్బిచ్చే బాధ్యత అమ్మినవాడిదైతే మళ్లీ షీటుగా మారడానికి కావలసిన ముడిసరుకు ఆ అడితిలోనే దొరుకుతుంది.