పదో తరగతి తర్వాత ఫైర్, పోలీస్, ఇండస్ట్రియల్ సేఫ్టీ: సంగారెడ్డి, పటాన్‌చెరు పిల్లల ముందున్న దారులు

2025 జూన్ 30 ఉదయం పాశమైలారంలోని సిగాచి ఇండస్ట్రీస్‌లో పేలుడు జరిగి 50 మందికి పైగా కార్మికులు చనిపోయారు. వారిలో చాలామంది బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ లాంటి రాష్ట్రాల నుంచి పని కోసం వచ్చినవాళ్లు. అంతకు ముందు ఏడాది, 2024 ఏప్రిల్ 3న, హత్నూర మండలం చందాపూర్‌లోని ఎస్‌బీ ఆర్గానిక్స్‌లోనూ పేలుడు జరిగి ప్రాణాలు పోయాయి. పటాన్‌చెరు, బొల్లారం, జిన్నారం వైపు మన ఇళ్లలో ఎవరో ఒకరు షిఫ్టుకు పోతూనే ఉంటారు. రాత్రి డ్యూటీకి పోయిన అబ్బా పొద్దున ఇంటికి వచ్చేదాకా అమ్మీ కళ్లు తలుపు మీదే ఉంటాయి.

ఈ ప్రమాదాలను ఆపే పని, జరిగితే మనుషుల్ని బయటికి తెచ్చే పని కూడా ఉద్యోగాలే. వాటికి పునాది బడిలోనే పడొచ్చు.

బడిలో ఏముంది?

స్టూడెంట్ పోలీస్ క్యాడెట్ పథకం 2010లో కేరళలో మొదలైంది. 2018 జులైలో కేంద్రం దీన్ని దేశమంతటికీ తెచ్చింది. ఇది ప్రధానంగా 8, 9 తరగతుల పిల్లలకు. సీబీఎస్‌ఈ బడులకు 9, 10 తరగతుల్లో 'సెక్యూరిటీ' అనే స్కిల్ సబ్జెక్టు ఉంది. ఎన్‌సీసీ ఎలాగూ ఉంది. మీ పిల్లల బడిలో వీటిలో ఏది నడుస్తోందో హెడ్మాస్టర్‌ను అడగండి.

ఇవేవీ లేకపోయినా వొకేషనల్ టీచర్ నేర్పగలిగినవి చాలా ఉన్నాయి. కట్టె, కాగితం, బట్ట అంటుకుంటే నీళ్లు సరిపోతాయి. పెట్రోలు, సాల్వెంట్ మంటకు నీళ్లు పోస్తే మంట పాకుతుంది, దానికి ఫోమ్ లేదా పౌడర్ కావాలి. కరెంటు మంటకు ముందు మెయిన్ ఆపాలి, తర్వాత కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ వాడాలి. గాలిలో ఎగిరే సన్నని పొడి కూడా నిప్పు తగిలితే పేలుతుంది. ట్యాంకులోకి దిగినవాడు పడిపోతే, కాపాడదామని ఊరికే దిగినవాడూ పడిపోతాడు. మన ప్రాంతంలో ఇవి పుస్తకం పాఠాలు కావు, రేపు పిల్లవాడు పనిచేసే షెడ్డులో ప్రాణం నిలిపే మాటలు.

పదో తరగతి తర్వాత

ఐటీఐ: 'ఫైర్ టెక్నాలజీ అండ్ ఇండస్ట్రియల్ సేఫ్టీ మేనేజ్‌మెంట్', 'హెల్త్ సేఫ్టీ అండ్ ఎన్విరాన్‌మెంట్' అనే ఏడాది ట్రేడ్లు జాతీయ ఐటీఐ జాబితాలో ఉన్నాయి. అన్ని ఐటీఐల్లో ఉండవు. అడ్మిషన్ల సమయంలో ఏ ఐటీఐలో ఉందో చూసుకోవాలి.

కేంద్ర బలగాలు: సీఐఎస్‌ఎఫ్, సీఆర్‌పీఎఫ్ వంటి వాటిలో జీడీ కానిస్టేబుల్‌కు పది పాసైతే చాలు. 2024 నుంచి ఈ పరీక్షను తెలుగులోనూ, ఉర్దూలోనూ రాయొచ్చు. ఉర్దూ మీడియం పిల్లలకు ఇది పెద్ద వెసులుబాటు.

సెక్యూరిటీ గార్డు: 2005 నాటి ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం ప్రకారం ఏజెన్సీకి లైసెన్సు ఉండాలి, గార్డుకు శిక్షణ ఇవ్వాలి. కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనల్లో 100 గంటల క్లాసు, 60 గంటల ఫీల్డు శిక్షణ ఉన్నాయి. యూనిఫాం ఇచ్చి మరునాడే గేటు దగ్గర నిలబెడితే అది శిక్షణ కాదు.

ఇంటర్ తర్వాత

రాష్ట్రంలో పోలీస్ కానిస్టేబుల్, ఫైర్‌మెన్ పోస్టులను పోలీస్ నియామక మండలి భర్తీ చేస్తుంది. 2022 నోటిఫికేషన్‌లో దేహదారుఢ్య పరీక్షలకు అబ్బాయిలు 1,600 మీటర్లు, అమ్మాయిలు 800 మీటర్లు పరుగెత్తాలి. లాంగ్ జంప్, షాట్‌పుట్ కూడా ఉన్నాయి. నోటిఫికేషన్ వచ్చాక పరుగు మొదలుపెడితే ఆలస్యమే. ఇంటర్ మొదటి ఏడాది నుంచే పొద్దున గ్రౌండుకు పంపండి. సీఐఎస్‌ఎఫ్ ఫైర్ కానిస్టేబుల్‌కు ఇంటర్ సైన్స్ గ్రూపు కావాలి, కాబట్టి గ్రూపు ఎంచుకునేటప్పుడే ఆలోచించాలి.

డిగ్రీ, ఇంజినీరింగ్ తర్వాత

ఫ్యాక్టరీ సేఫ్టీ ఆఫీసర్ కావాలంటే ఇంజినీరింగ్ లేదా సైన్స్ చదువు, అనుభవం, ఆపైన ప్రభుత్వ గుర్తింపున్న ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా అవసరం. దక్షిణాదికి చెన్నైలోని రీజనల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్ పేరున్న చోటు. ఫైర్ ఇంజినీరింగ్‌కు నాగ్‌పూర్‌లో నేషనల్ ఫైర్ సర్వీస్ కాలేజీ ఉంది.

ఇక్కడే మోసం జరుగుతుంది. "మూడు నెలల్లో సేఫ్టీ ఆఫీసర్, నేరుగా సౌదీ, దుబాయ్" అని బోర్డులు పెట్టేవాళ్లు ఉన్నారు. డబ్బు కట్టే ముందు మూడు అడగండి: సర్టిఫికెట్ ఎవరు ఇస్తారు? దాన్ని ఏ ప్రభుత్వ బోర్డు గుర్తించింది? పోయినసారి చదివిన పిల్లలు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు? జవాబు సూటిగా రాకపోతే లేచి వచ్చేయండి.

ఇప్పుడే చేయాల్సినవి

పదో తరగతి మెమోలో 'మొహమ్మద్', ఆధార్‌లో 'ఎండీ' అని ఉంటే సర్టిఫికెట్ల పరిశీలనలో ఇబ్బంది వస్తుంది. బడిలో ఉండగానే సరిచేయించండి. బీసీ-ఈ కిందికి వచ్చే కుటుంబాలకు రాష్ట్ర ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉంది, ఆ సర్టిఫికెట్ ముందే తీసి పెట్టుకోండి. పోటీ పరీక్షల కోచింగ్ కోసం తెలంగాణ మైనారిటీస్ స్టడీ సర్కిల్ ప్రకటనలు గమనించండి.

"ఆడపిల్లకు పోలీసెందుకు" అనే మాట ఇంకా మన ఇళ్లల్లో వినిపిస్తుంది. కానీ స్టేషన్ మెట్లెక్కే అక్కకో, చెల్లెకో లోపల తన భాష తెలిసిన ఒక ఆడమనిషి కనబడితే ఎంత ధైర్యమో ఆలోచించండి.

చివరగా ఒక చిన్న పని. ఈ రోజు రాత్రి భోజనం దగ్గర పిల్లల్ని అడగండి: ఎమర్జెన్సీ నంబరు ఎంత? 112 అని చెప్పాలి. ఫైర్‌కు 101, అంబులెన్సుకు 108. తర్వాత అబ్బాను అడగండి: మీ షెడ్డులో బయటికి పోయే రెండో దారి ఎటువైపు ఉంది? ఆయనకు తెలియకపోతే, రేపు షిఫ్టు మొదలయ్యే ముందే చూసుకుని రమ్మనండి.