మన విశాఖ ఎండలు - నాటి లెక్కలు, నేటి సూచనలు

ప్రత్యేక సంచికకు ఏదైనా చారిత్రక విషయం రాయమని మన సంపాదకవర్గం వారు కోరారు. రాజులు, యుద్ధాలు రాయడానికి పండితులున్నారు. రెవెన్యూ శాఖలో ముప్పై ఆరేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాడిని గనుక లెక్కలకు సంబంధించిన చరిత్రే నాకు చేతనయినది. అందుచేత మన ఊరి ఎండను ఎవరు, ఎప్పటినుంచి, ఎందుకు లెక్కగట్టారో నాకు తెలిసినంత మేరకు మనవి చేస్తాను.

వేసవిలో హైదరాబాదు నుంచి వచ్చే బంధువులందరిదీ ఒకటే మాట: "మీకేమండీ, సముద్రం పక్కనే ఉన్నారు, ముప్పై అయిదు డిగ్రీలేగా!" అని. స్టేషన్లో దిగి ఆటో ఎక్కే లోపలే చొక్కా వీపుకు అంటుకుపోతుంది. ఆ తరువాత ఆ మాట ఎత్తరు. రెంటచింతలలో 43 డిగ్రీలని వార్తల్లో చెబుతారు, విశాఖలో 35 అంటారు. మరి ఇక్కడి ముసలివాళ్ళకు అన్నం ఎందుకు సహించదు, నిద్ర ఎందుకు పట్టదు? ఈ ప్రశ్నకు జవాబు థర్మామీటరు ఒక్కటే చెప్పలేదు. దానికి కొంత వెనక్కు వెళ్ళాలి.

వానను కొలవడం మనకు కొత్త విద్య కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ధాన్యాగారం ముందు వాన కొలిచే పాత్ర పెట్టమని ఉన్నది. ఆరవ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో ఆఢకాల లెక్కన వర్షాన్ని కొలిచే పద్ధతి చెప్పాడు. ఉగాది నాడు పంచాంగ శ్రవణంలో సిద్ధాంతిగారు "ఈ యేడు ఇన్ని తూముల వర్షం, ఇన్ని భాగాలు సముద్రం మీద, ఇన్ని కొండల మీద, ఇన్ని భూమి మీద" అని చదివేది ఆ పాత కొలతల బాపతే. అయితే అందులో జోస్యం మిగిలింది గాని, కొలిచే పాత్ర మాత్రం ఎప్పుడో మాయమయింది.

ఆ పాత్ర తిరిగి కంపెనీవారి కాలంలో వచ్చింది. మద్రాసు నక్షత్రశాల 1792లో ప్రభుత్వ సంస్థగా నిలబడింది. దానికి మూలపురుషుడైన మైకేల్ టాపింగ్ మన కోస్తా తీరాన్ని, కృష్ణా గోదావరి ప్రాంతాలను సర్వే చేసినవాడు. 1796లో మచిలీపట్నంలోనే కన్నుమూశాడు. ఆ మద్రాసులో టి.జి. టేలర్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుని వద్ద విద్య నేర్చి వచ్చిన మన విశాఖ జమీందారు గోడే వెంకట జగ్గారావుగారు 1840 ప్రాంతంలో తన సొంత డబ్బుతో ఇక్కడ వేధశాల కట్టించారు. నేటి డాబా గార్డెన్స్ ఆయన తోట. బస్సు దిగి ఆ దారిన పోయే వారిలో ఎంతమందికి ఈ సంగతి తెలుసునో!

జగ్గారావుగారు నక్షత్రాలతో సరిపెట్టుకోలేదు. వాన కొలిచే ఒక సాధనాన్ని ఆయన స్వయంగా రూపొందించారు. దాని తమాషా ఏమిటంటే, గరాటు మూతి వ్యాసం సుమారు 4.7 అంగుళాలు ఉండేటట్లు చేశారు. అలా చేస్తే లోపలికి పడిన నీరు సరిగ్గా ఒక ఔన్సు అయితే వాన అంగుళంలో పదోవంతు కురిసినట్లు లెక్క. ప్రత్యేకమైన కొలగాజు అక్కరలేదు, మందుల షాపులో దొరికే ఔన్సు గ్లాసు చాలు. నేను కాగితం మీద గుణించి చూశాను, లెక్క సరిపోయింది. తాలూకా గుమాస్తాల కష్టం తెలిసిన మనిషి చేసిన పని అనిపిస్తుంది. బ్రిటన్లో వానలెక్కల మీద పరిశోధన చేసిన సైమన్స్ అనే ఆయన కూడా ఈ సాధనాన్ని తన పరీక్షల్లో చేర్చాడు.

1856లో జగ్గారావుగారు పోయిన తరువాత ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు ప్రభుత్వోద్యోగం వదులుకొని ఎస్టేటును, వేధశాలను చూసుకున్నారు. 1868 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని, 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్ని విశాఖ నుంచి పరిశీలించి రాసి పంపారు. వాటితోబాటు గాలి, వాన, వేడిమి లెక్కలు కూడా. సర్కారు వారి శాఖ ఇంకా పుట్టక మునుపే మన ఊళ్ళో ఒక ఇంటివారు వాతావరణం రాసిపెట్టారన్నమాట. శతాబ్దం ముగిసేసరికి ఆ వేధశాల మూతపడింది.

సర్కారు వారికి చురుకు పుట్టించినవి తుఫానులు, కరువులు. 1864 అక్టోబరులో కలకత్తా తుఫాను, నవంబరు 1 రాత్రి బందరు ఉప్పెన. ఒక్క బందరు ప్రాంతంలోనే ముప్పై వేల మంది పోయారంటారు. 1866లో ఒరిస్సా కరువు. వీటి తరువాత 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడి, బ్లాన్‌ఫర్డ్ దొర దానికి అధిపతి అయ్యాడు. 1886 నుంచి నైరుతి ఋతుపవనాల మీద ఏటా ముందస్తు అంచనా ఇవ్వడం ప్రారంభించారు. హిమాలయాల మీద మంచు ఎక్కువ పడితే వానలు తగ్గుతాయన్నది ఆయన సూత్రం. ఆ తరువాత 1904లో వచ్చిన గిల్బర్ట్ వాకర్ వానల గుట్టు పసిఫిక్ మహాసముద్రం దాకా ఉందని లెక్కలు వేసి చూపాడు. నేడు పేపర్లలో మనం చదివే ఎల్‌నినో కథకు పునాది అక్కడ ఉంది.

ఇక మన కచేరీల సంగతి. 1972లో నేను ఎల్.డి.సి.గా చేరిన తాలూకా కచేరీ ఆవరణలో కంచె లోపల ఒక రైన్ గేజ్ ఉండేది. అయిదంగుళాల మూతిగల సైమన్స్ రకం. ఉదయం ఎనిమిదిన్నరకు కొలిచి, రిజిస్టరులో రాసి, కలెక్టరాఫీసుకు పంపాలి. రాత్రి కురిసిన వాన మరునాటి తేదీలో పడుతుంది. ఈ చిన్న నిబంధన మీద రైతులు, కరణాలు మాతో ఎన్ని తగవులు పెట్టుకున్నారో చెప్పలేను. రికార్డు రూములో పాత రిజిస్టర్లు చూశాను. వాటిలో వాన అంగుళాలు, సెంట్లలో ఉండేది. సెంటు అంటే అంగుళంలో నూరోవంతు. మేము వచ్చేసరికి మిల్లీమీటర్లు. ఏప్రిల్, మే నెలల పుటలు తిప్పితే వరసగా 'నిల్', 'నిల్', 'నిల్'. మధ్యలో ఎక్కడో ఒక ఈదురుగాలి జల్లు.

ఆ 'నిల్'ల దగ్గరే నాకొక ఆలోచన వచ్చింది. కచేరీలో రైన్ గేజ్ ఉంది గాని థర్మామీటరు లేదు. ఎందుకు లేదు? వాన పడకపోతే పంట పోతుంది, పంట పోతే శిస్తు రెమిషన్ ఇవ్వాలి. కాబట్టి వాన లెక్క ఖజానాకు కావాలి. ఎండ దెబ్బకు ఖజానాకు వచ్చే నష్టమేమీ లేదు. అందుచేత ఎండను లెక్క రాసేందుకు తాలూకాలో గుమాస్తా లేడు. జమాబందీ మాత్రం సరిగ్గా ఆ ఎండల్లోనే వచ్చేది! చెమట చుక్క పడి అంకె చెదిరితే మళ్ళీ పుట అంతా రాసిన రోజులు మనలో చాలామందికి జ్ఞాపకమే.

వేడిమిని కొలిచేది వాతావరణ కేంద్రాల్లో. తెల్ల రంగు వేసిన, తడికె పలకల చెక్కపెట్టెలో, నీడలో, గాలి ఆడేటట్లు థర్మామీటరు ఉంచుతారు. ఆ పెట్టె రూపకర్త థామస్ స్టీవెన్సన్. ప్రసిద్ధ నవలా రచయిత ఆర్.ఎల్. స్టీవెన్సన్ తండ్రి ఆయనే. అంటే రేడియోలో చెప్పే డిగ్రీలు నీడ డిగ్రీలు. ఆ పెట్టెలోనే రెండో థర్మామీటరు ఒకటుంటుంది. దాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి ఉంటుంది. గాలి పొడిగా ఉంటే గుడ్డలోని తడి ఆరిపోతూ అది బాగా చల్లబడుతుంది. గాలిలో తేమ నిండి ఉంటే తడి ఆరదు, అదీ చల్లబడదు. మన ఒళ్ళు కూడా అంతే. చెమట పట్టడం వల్ల చల్లదనం రాదు, పట్టిన చెమట ఆరితేనే వస్తుంది. విశాఖ ఉక్కపోతలో చెమట ధారగా కారిపోతుంది గాని ఆరదు.

అమెరికా వారు వేడిని, తేమను కలిపి ఒళ్ళు ఎంతగా భరిస్తున్నదో చెప్పే పట్టిక ఒకటి తయారు చేశారు. దాని ప్రకారం 35 డిగ్రీల వేడి, 70 శాతం తేమ కలిస్తే సుమారు 50 డిగ్రీల భారం. 42 డిగ్రీల వేడి, 15 శాతం తేమ అయితే 40 దరిదాపు మాత్రమే. రెంటచింతల వారు నన్ను క్షమించాలి. అక్కడి వడగాడ్పు ప్రాణాంతకమే, సందేహం లేదు. కాని ఇక్కడి ఉక్క కూడా తక్కువది కాదని చెప్పడానికే ఈ లెక్క.

వట్టివేళ్ళ తడికెల విషయం కూడా ఇదే. దొరల కాలంలో తలుపులకు వట్టివేళ్ళ తడికెలు కట్టి నీళ్ళు చల్లేవారు. హైదరాబాదులో అది దివ్యంగా పనిచేస్తుంది. అదే సూత్రం మీద నడిచే ఎయిర్ కూలరును మన అబ్బాయిలు అభిమానంతో కొనిచ్చి, కిటికీలు మూసి పెట్టిపోతారు. సముద్రపు ఒడ్డున అది గదిలో మరింత తేమ నింపుతుంది. కూలరు వాడేవారు కిటికీ తీసి ఉంచండి, లేదా నీళ్ళు పోయకుండా ఫ్యానులా వాడుకోండి.

మనల్ని కాపాడేది మధ్యాహ్నం సముద్రం నుంచి వచ్చే గాలి. నేల త్వరగా వేడెక్కుతుంది, నీరు ఆలస్యంగా. ఆ తేడా వల్ల సముద్రపు గాలి లోపలికి వస్తుంది. దక్కను మీదుగా వచ్చే పడమటి గాలి బలంగా ఉన్న రోజున అది సముద్రపు గాలిని తీరం దాటి రానివ్వదు. ఆ రోజునే విశాఖలో కూడా 40 దాటుతుంది. బంగాళాఖాతంలో తుఫాను పుట్టి పైకి మళ్ళిపోయినప్పుడు ఇలాగే అవుతుంది: వాన మనకు రాదు, ఉన్న తేమనూ అది లాక్కుపోతుంది, పడమటి గాలి మిగులుతుంది. ఒడ్డున ఉన్న వాల్తేరు కేంద్రానికి, లోపలికి ఉన్న విమానాశ్రయ కేంద్రానికి ఒకే రోజున రెండు మూడు డిగ్రీల తేడా రావడం మామూలే. పేపరులో ఏ కేంద్రం అంకె వేశారో చూసుకోవాలి.

మన పెద్దలకు కార్తెలే వాతావరణ కేంద్రం. మే 4 ప్రాంతంలో కర్తరి మొదలు, 11 నుంచి పెద్ద కర్తరి, 25 నుంచి రోహిణి. రోళ్ళు పగిలేది అప్పుడే. జూన్ 8 ప్రాంతంలో మృగశిర రాగానే చల్లబడాలి. ఋతుపవనాలు మన తీరానికి వచ్చేది కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే కనుక ఈ లెక్క గట్టిదే. ఒక చిన్న సవరణ ఉంది. కార్తెలు నక్షత్రాలను బట్టి నడుస్తాయి, ఎండలు సూర్యుని అయనాన్ని బట్టి. ఈ రెంటికీ సుమారు 72 ఏళ్ళకు ఒక రోజు చొప్పున ఎడం పెరుగుతుంది. వెయ్యేళ్ళ క్రితం రోహిణి కార్తె ఇప్పటికన్నా రెండు వారాలు ముందుగా వచ్చేదన్నమాట.

రేడియో సూచనలకు వస్తే, విశాఖ ఆకాశవాణి 1963లో వచ్చింది. "ఒకటి రెండు చోట్ల" జల్లులు పడతాయని చెబితే మనం నవ్వుకునేవాళ్ళం, ఏదో ఒకచోట పడక మానదు గదా అని. ఆ మాటలకు శాఖలో కచ్చితమైన అర్థం ఉంది. ఒకటి రెండు చోట్ల అంటే ఆ ప్రాంతపు కేంద్రాల్లో నాలుగో వంతు దాకా. కొన్ని చోట్ల అంటే సగం దాకా. అంతకు మించితే అనేక చోట్ల, ముప్పాతిక దాటితే దాదాపు అన్ని చోట్ల. 1970లో తుఫానులను పసిగట్టే రాడార్ మన విశాఖలో పెట్టారు, 1974లో తుఫాను హెచ్చరిక కేంద్రం వచ్చింది. 1977 దివిసీమ ఉప్పెన, 1990 మే తుఫాను చూసిన తరువాత తుఫాను హెచ్చరికను జనం నమ్మడం నేర్చారు.

ఎండ హెచ్చరికకు ఆ గౌరవం ఆలస్యంగా వచ్చింది. 2002 మేలో ఉమ్మడి రాష్ట్రంలో వడదెబ్బ మరణాలు వెయ్యి దాటాయి. 2003లో మూడు వేలు దాటాయి. 2015లో విభజన తరువాతి ఆంధ్రప్రదేశ్‌లోనే మళ్ళీ వెయ్యికి పైన. పోయినవారిలో కూలీలు, వృద్ధులే ఎక్కువ.

ఇక్కడ మన తీరప్రాంతం వారికి ఒక చిక్కు ఉంది. మైదానాల్లో 40, తీరంలో 37 డిగ్రీలు చేరి, మామూలు కన్నా నాలుగున్నర డిగ్రీలు పెరిగితే వడగాలిగా ప్రకటిస్తారు. రాత్రి వేడి మామూలు కన్నా ఎంత పెరిగినా, పగలు 40 తాకితేనే 'వెచ్చని రాత్రి' కింద లెక్క. విశాఖలో పగలు 36 ఉండి, రాత్రి 30కి దిగకపోయినా కాగితం మీద అది మామూలు రోజే. కొన్నేళ్ళ క్రితం అటువంటి ఒక మే నెల మధ్యాహ్నం మా వీధిలో ఒక రిటైర్డ్ అటెండరు, పింఛను పని మీద ఎండన పడి వెళ్ళి వచ్చి, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్లే పోయాడు. వడదెబ్బ మృతులకిచ్చే సహాయం కోసం భార్య అర్జీ పెట్టుకుంది. నేనే రాసిపెట్టాను. ఆ రోజు వడగాలి ప్రకటన లేదని, శవపరీక్ష జరగలేదని అర్జీ వెనక్కు వచ్చింది. నిబంధన ప్రకారం వారు రాసింది తప్పు అనలేను. నేనూ ఆ కుర్చీలో ఉంటే అదే నోట్ పెట్టేవాడిని. కాని ఆ రోజు తేమ ఎంత ఉందో ఆ ఫైలులో ఒక్క కాలం కూడా లేదు.

2023 నుంచి వాతావరణ శాఖ వేడిని, తేమను కలిపిన సూచికను ప్రయోగాత్మకంగా ఇస్తున్నది. రాష్ట్ర విపత్తుల సంస్థ మండలాల వారీగా వడగాలి జాబితా ప్రకటిస్తున్నది. పిల్లల సెల్‌ఫోనుల్లో అవి వస్తాయి, చూపమని అడగండి. గరిష్ఠ ఉష్ణోగ్రతతోబాటు కనిష్ఠం, తేమ శాతం కూడా చదివించుకోండి. రాత్రులు చల్లబడని రోజుల్లో బ్యాంకు పని, ట్రెజరీ పని మరునాటికి పెట్టుకోండి.

చివరగా ఒక విజ్ఞప్తి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు రికార్డు సర్దుబాటులో పాత వాన రిజిస్టర్లు ఎన్నో కట్టలు కట్టలుగా చిత్తుకాగితాల కింద పోయాయి. ఒక కచేరీలో నా కళ్ళ ముందే తూకం వేశారు. మన సభ్యుల్లో కరణాలుగా, రెవెన్యూ ఇన్‌స్పెక్టర్లుగా, తాలూకా గుమాస్తాలుగా చేసినవారి ఇళ్ళలో, అటకల మీద అటువంటి పుస్తకాలో, నకలు పుటలో ఉండే అవకాశం ఉంది. అమ్మేయకుండా ఒకసారి సంఘం కార్యాలయానికి తీసుకొస్తే నేను కూర్చుని నకలు రాసుకొని, అసలు పుస్తకం మీకే తిరిగి ఇచ్చేస్తాను. మంగళ, శుక్రవారాలు సాయంత్రం నేను అక్కడే ఉంటాను.