బప్పీ లహరి

బప్పీ లహరి (నవంబరు 27, 1952 - ఫిబ్రవరి 15, 2022) ప్రముఖ భారతీయ చలనచిత్ర సంగీత దర్శకుడు, గాయకుడు. హిందీ సినిమాలో డిస్కో సంగీతానికి విశేష ప్రచారం తెచ్చినవారిలో ముఖ్యుడు. సింహాసనం, స్టేట్ రౌడీ, గ్యాంగ్ లీడర్ మొదలైన చిత్రాల ద్వారా తెలుగువారికీ సుపరిచితుడు. పాశ్చాత్య దేశాలలో పాట రాసేవాడు, బాణీ కట్టేవాడు తరచు ఒకడే అవుతాడు. మన సినిమాలలో సాహిత్యం ఒకరిది, బాణీ మరొకరిది. లహరి ప్రధానంగా బాణీకర్త.

బాల్యం, తొలి చిత్రాలు

ఇతని అసలు పేరు అలోకేశ్ లహరి. పశ్చిమ బెంగాల్‌లోని జల్పాయిగురిలో జన్మించాడు. తల్లిదండ్రులు అపరేశ్ లహరి, బాన్సురి లహరి ఇద్దరూ గాయకులు. శాస్త్రీయ సంగీతంలోనూ, కాళీమాతను కీర్తించే శ్యామా సంగీతంలోనూ ప్రవేశం కలవారు. బప్పీ మూడేళ్ళ వయసులోనే తబలా నేర్చుకోవడం మొదలుపెట్టాడు. గాయకుడు కిషోర్ కుమార్ ఇతనికి మేనమామ వరస. హిందీలో తొలి చిత్రం నన్హా షికారీ (1973). జఖ్మీ (1975), చల్తే చల్తే (1976) ఇతనికి పేరు తెచ్చాయి. వీటిలో డిస్కో ఛాయలు తక్కువ.

డిస్కో

డిస్కో 1970వ దశకంలో అమెరికా నృత్యశాలలలో రూపుదిద్దుకున్న సంగీతం. నాలుగక్షరాల తాళంలో ప్రతి అక్షరం మీదా పెద్ద డ్రమ్ము దెబ్బ పడడం దీని గుర్తు. ఆదితాళంలో దెబ్బ, వేళ్ళ లెక్క, విసర్జితం అనే భేదాలున్నట్లు ఇందులో లేవు. నిమిషానికి సుమారు 120 దెబ్బల వేగంతో నడుస్తుంది. అందుచేత నృత్యం నేర్వనివాడు కూడా అడుగు కలపగలడు. 1979 జూలై 12న షికాగోలోని ఒక బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డులను గుట్టపోసి పేల్చివేశారు. ఆ వెనువెంటనే అక్కడ దాని ఆదరణ తగ్గిపోయింది. సరిగ్గా ఆ సమయంలోనే అది మన దేశంలో ఊపందుకోవడం విచిత్రం. ఖుర్బానీ (1980)లో బెంగుళూరుకు చెందిన బిడ్డూ కట్టిన బాణీని నాజియా హసన్ పాడగా దేశమంతటా మారుమ్రోగింది. సురక్షా (1979), అర్మాన్ (1981)లతో అదే బాట పట్టిన లహరి, డిస్కో డాన్సర్ (1982)తో శిఖరం చేరాడు. మిథున్ చక్రవర్తి కథానాయకుడుగా బబ్బర్ సుభాష్ తీసిన ఈ చిత్రం సోవియట్ యూనియన్‌లో కూడా అపూర్వ జనాదరణ పొందింది.

ఈ కథ నందమూరి బాలకృష్ణ నాయకుడుగా డిస్కో కింగ్ (1984) పేరుతో తెలుగులోకి వచ్చింది. అయితే దానికి సంగీతం చక్రవర్తి సమకూర్చాడు. కథ వచ్చినా లహరి తెలుగుకు రావడానికి మరి రెండేళ్ళు పట్టింది.

తెలుగు చిత్రాలు

ఇతనికి తెలుగు దారి బొంబాయిలోనే తెరుచుకుంది. 1980వ దశకంలో తెలుగు నిర్మాతలు తమ విజయవంతమైన చిత్రాలను హిందీలో మళ్ళీ తీసేవారు. ఊరుకి మొనగాడు (1981)ను పద్మాలయా సంస్థ కె.రాఘవేంద్రరావు దర్శకత్వంలోనే హిమ్మత్‌వాలా (1983)గా నిర్మించింది. డి.రామానాయుడు దేవత (1982)ను తోఫా (1984)గా తీశాడు. తెలుగు మూలాలు రెంటికీ చక్రవర్తి సంగీతం, హిందీ రూపాలు రెంటికీ లహరి సంగీతం. ఈ పరిచయంతోనే నటుడు కృష్ణ తాను తొలిసారి దర్శకత్వం వహించిన సింహాసనం (1986)కు లహరిని పిలిపించాడు. తెలుగులో తొలి 70 ఎం.ఎం. చిత్రమిది. రాజులు, కత్తియుద్ధాలు ఉన్న జానపద కథకు డిస్కో మోత అతుకుతుందా అన్న అనుమానం సహజమే. కానీ రాజ్ సీతారాం, పి.సుశీల గళాలలో ఆ పాటలు ఊరూరా వినిపించాయి. అదే చిత్రాన్ని జితేంద్రతో సింఘాసన్ పేరిట హిందీలోనూ తీశారు.

ఆ తరువాత త్రిమూర్తులు (1987), సామ్రాట్ (1987), స్టేట్ రౌడీ (1989) వచ్చాయి. 1991లో గ్యాంగ్ లీడర్, రౌడీ అల్లుడు ఒకే సంవత్సరం విడుదలయ్యాయి. విజయ బాపినీడు దర్శకత్వం వహించిన గ్యాంగ్ లీడర్‌కు వేటూరి, భువనచంద్ర పాటలు రాయగా, ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం, చిత్ర పాడారు. తెలుగులో ఇతని ఉత్తమ కృషి ఇదేనని చెప్పవచ్చు. ఇందులోని వాన పాటను రెండు దశాబ్దాల తరువాత రచ్చ (2012)లో తిరిగి వాడుకున్నారు. రౌడీ ఇన్‌స్పెక్టర్ (1992), బిగ్ బాస్ (1995) ఇతని మరికొన్ని తెలుగు చిత్రాలు. డిస్కో రాజా (2020)లో తమన్ సంగీతంలో రవితేజతో కలసి ఒక పాట పాడాడు.

బాణీ ఎవరిది?

లహరిపై తరచు వినిపించిన విమర్శ పాశ్చాత్య బాణీల అనుకరణ. డిస్కో డాన్సర్‌లోని జిమ్మీ పాటకు ఫ్రెంచి బృందం ఒట్టావాన్ 1980లో వెలువరించిన పాటతో గల పోలిక వినగానే తెలుస్తుంది. దీనిని దాచవలసిన పని లేదు. అయితే అతని సంగీతమంతా అరువు సొమ్మేనని తేల్చడం అన్యాయం. ఐత్‌బార్ (1985)లోని గజళ్ళు విన్నవారు అలా అనలేరు.

ఇందుకు విరుద్ధమైన సంఘటన 2002లో జరిగింది. జ్యోతి (1981) చిత్రానికి లహరి కట్టిన, లతా మంగేష్కర్ పాడిన పాటలోని భాగాన్ని అమెరికా గాయని ట్రూత్ హర్ట్స్ తన అడిక్టివ్ అనే పాటలో అనుమతి లేకుండా వాడుకున్నారు. లహరి లాస్ ఏంజెలెస్ న్యాయస్థానంలో దావా వేశాడు. అతని పేరు ప్రకటించకుండా ఆ రికార్డును అమ్మరాదని న్యాయస్థానం తొలుత ఉత్తర్వు ఇచ్చింది. మన పత్రికలలో చాలా వరకు కథ ఇక్కడితో ఆగిపోయింది. నిజానికి దావా నిలవలేదు. జీతానికి కట్టిన బాణీపై హక్కు చిత్ర నిర్మాతదే కాని సంగీత దర్శకునిది కాదని తేలింది. 1977లో మన సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు సారాంశం కూడా ఇదే. బాణీ కట్టినవాడే దానిని తనదని చెప్పుకోలేకపోయాడు. 2012లో భారత కాపీరైటు చట్టాన్ని సవరించి, సినిమా హాలు ప్రదర్శన కాక ఇతర వినియోగాలపై వచ్చే రాయల్టీలో రచయితకు, స్వరకర్తకు సమాన వాటా కల్పించారు. లహరి పాటలలో అధిక భాగం అంతకు ముందువే.

ఇతర విశేషాలు

షరాబీ (1984) సంగీతానికి ఫిల్మ్‌ఫేర్ పురస్కారం, 2018లో ఫిల్మ్‌ఫేర్ జీవిత సాఫల్య పురస్కారం అందుకున్నాడు. మెడలో బంగారు గొలుసులు, నల్ల కళ్ళద్దాలు ఇతని ఆనవాళ్ళు. ఎల్విస్ ప్రెస్లీని చూసి ఆ బంగారపు అలవాటు చేసుకున్నానని చెప్పేవాడు. 2014 లోక్‌సభ ఎన్నికలలో భారతీయ జనతా పార్టీ తరఫున శ్రీరాంపూర్ నుండి పోటీచేసి ఓడిపోయాడు. కుమారుడు బప్పా లహరి సంగీత దర్శకుడు, కుమార్తె రేమా గాయని.

నిద్రలో శ్వాస ఆగే వ్యాధితో బాధపడుతూ 2022 ఫిబ్రవరి 15న ముంబైలో మరణించాడు.