వంటింటి పక్కన వెలసిన వినోదనగరం



వేసవి సెలవులనగానే పిల్లలకి సంబరం, మనకి సర్దుడూను. ఊరెళ్ళేది నలుగురైతే ముందురోజు రాత్రి పదకొండు దాకా వంటింట్లో ఉండేది ఒక్కరే. రెండేళ్ళ క్రితం కాలిఫోర్నియాలో ఉన్న మా చెల్లెలి దగ్గరికి వెళ్ళినప్పుడు, అక్కడైనా ఈ శ్రమ తప్పుతుందేమో అనుకున్నాను. అబ్బే! కారులో థీమ్ పార్కు చూడ్డానికి వెడదామని అనుకున్న మర్నాడే అది చింతపండు నానబోసి కూర్చుంది.

మేం వెళ్ళింది బ్యూనా పార్క్ అనే ఊరు. శాన్ హోసే నుంచి సుమారు 350 మైళ్ళు. పొద్దున్నే బయలుదేరితే సాయంత్రానికి చేరిపోవచ్చు. కానీ మా మరిదిగారు, "తొందరేముంది వదినగారూ, మధ్యలో ఓ రాత్రి ఆగి మెల్లిగా పోదాం" అన్నారు. దారి పొడుగునా బాదం తోటలు. నచ్చినచోట ఆగడం, చెట్టు నీడన పులిహోర తినడం, మళ్ళీ బయలుదేరడం. అలాంటి తీరుబడి ప్రయాణం నా జన్మలో చేయలేదు. ఆ రాత్రి రోడ్డు పక్కన ఓ హోటల్లో దిగినప్పుడు, పిల్లలిద్దరికీ వేరే డబ్బు కట్టాలా అని అడిగాను. అక్కరలేదన్నారు. దీని వెనక ఓ కథ ఉందని తర్వాత తెలిసింది.

1951లో మెంఫిస్ నగరానికి చెందిన కెమన్స్ విల్సన్ అనే ఆయన భార్యనీ అయిదుగురు పిల్లల్నీ కారులో ఎక్కించుకుని వాషింగ్టన్ చూడబోయాడు. దారిలో బసలు ఇరుకు, అందులోనూ ఒక్కో పిల్లకీ రెండేసి డాలర్లు అదనం. అయిదుగురు పిల్లలంటే రోజుకి పది డాలర్లన్నమాట! ఆయనకి ఒళ్ళు మండి, ఇల్లు చేరాక తానే ఓ బస కట్టిస్తానన్నాడు. 1952లో మెంఫిస్‌లో మొదటి హాలిడే ఇన్ తెరిచాడు. తల్లిదండ్రుల గదిలో పడుకునే పిల్లలకి డబ్బు లేదు. 1956లో దేశమంతటా 41 వేల మైళ్ళ పెద్ద రహదారులు వేయడానికి చట్టం వచ్చింది. ఇక చూడండి, మధ్యతరగతి సంసారాలన్నీ కార్లెక్కాయి.

అన్నీ అనకూడదు. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి కుటుంబం కారు కొనుక్కున్నా, ఏ హోటలు తలుపు తెరుస్తుందో, ఏ పెట్రోలు బంకులో మరుగుదొడ్డి వాడుకోనిస్తారో తెలియదు. అందుకని విక్టర్ హ్యూగో గ్రీన్ అనే తపాలా ఉద్యోగి 1936 నుంచి గ్రీన్ బుక్ అని ఓ చిన్న పుస్తకం అచ్చువేశాడు. తమవాళ్ళని గౌరవంగా దింపుకునే చోట్ల పేర్లు అందులో ఉండేవి. ఆ తల్లులు దారిలో తినడానికి ఇంటినుంచే అన్నీ వండి కట్టుకెళ్ళేవారు. నా చెల్లెలు పులిహోర కట్టింది రుచి కోసం, అలవాటు కొద్దీని. వాళ్ళు కట్టుకున్నది దారిలో ఎవరూ పెట్టరన్న భయంతో.

1963లో జైల్లోంచి రాసిన ఉత్తరంలో మార్టిన్ లూథర్ కింగ్ తన కూతురి సంగతి రాశారు. టెలివిజన్‌లో ఫన్‌టౌన్ అనే వినోద పార్కు ప్రకటన చూసి తీసుకెళ్ళమంది ఆ పిల్ల. నల్లపిల్లల్ని అక్కడికి రానివ్వరని ఆ పసిదానికి ఎలా చెప్పాలో తెలియక ఆ తండ్రి నోరు పెగల్లేదట. అంతటి వక్తకి! పిల్లకి జవాబు చెప్పలేకపోవడమంటే ఏమిటో మనకి వేరే చెప్పాలా? హోటళ్ళలో, భోజనశాలల్లో ఇలాంటి వివక్ష పనికిరాదని 1964లో చట్టం చేశారు. రంగులరాట్నం కూడా చరిత్రలో ఓ హక్కయి కూచుంటుందని ఆ ఉత్తరం గురించి చదివేదాకా నాకు తట్టలేదు.

సరే, బ్యూనా పార్కుకి వద్దాం. అక్కడున్నది నాట్స్ బెర్రీ ఫార్మ్. పేరు విని నేను తోట అనుకున్నాను. తీరా చూస్తే ఆకాశమంత ఎత్తున తిరగబడే రైళ్ళు, వాటిలో కేకలు పెట్టే జనం! పక్కనే బస చేయడానికి పార్కువారి హోటలు. కానీ ఒకప్పుడది తోటే. 1920లో వాల్టర్ నాట్, ఆయన భార్య కార్డీలియా పిల్లలతో కౌలు భూమిలో బెర్రీ పళ్ళు పండించి, రోడ్డు పక్కన పాక వేసుకుని అమ్మేవారు. 1928లో ఓ కొట్టు కట్టారు. అందులో కార్డీలియా చిన్న టీ గది పెట్టి, తాను చేసిన జాములూ, బెర్రీ పళ్ళతో కాల్చిన పైలూ అమ్మింది. బాయిసన్‌బెర్రీ అనే పండు ఇవాళ బతికి ఉందంటే ఆ తోటవల్లే. దాన్ని సంకరం చేసి పుట్టించిన బాయిసన్ అనే ఆయన వదిలేసిన తీగల్ని వాల్టర్ తెచ్చి బతికించి, ఆయన పేరే పెట్టాడు.

1934. దేశమంతా గడ్డుకాలం. ఆ ఏడు జూన్ నెలలో ఓ సాయంత్రం కార్డీలియా ఎనిమిదిమందికి వేయించిన కోడీ, బిస్కెట్లూ, బంగాళాదుంపల ముద్దా, చివర్న బెర్రీ పైయ్యీ వడ్డించింది. ఒక్కొక్కరికి 65 సెంట్లు. దేంట్లో వడ్డించిందనుకున్నారు? తన పెళ్ళినాటి పింగాణీ పళ్ళాల్లో! పుట్టింటివారు పెట్టిన వెండికంచం మనలో ఎందరం అటకమీంచి దించి, దారినపోయేవారికి పెడతాం? ఇది వినగానే మన గోదావరి సీమలో డొక్కా సీతమ్మగారు గుర్తొచ్చారు నాకు. వేళకాని వేళ వచ్చిన బాటసారులకి కూడా అన్నం పెట్టిన తల్లి ఆవిడ. పైసా తీసుకోలేదు. ఈవిడ తీసుకుంది, సంసారం గడవాలిగా. తప్పేముంది?

ఆ రుచి నోటినోటా పాకింది. కొన్నేళ్ళకే ఆదివారం వచ్చిందంటే ఎక్కడెక్కడినుంచో కార్లు వచ్చేవి. బల్ల దొరకడానికి గంటల తరబడి నిలబడాల్సి వచ్చేది. నిలబడ్డవాళ్ళకి విసుగు పుట్టకూడదని వాల్టర్ నీటిచక్రం పెట్టాడు, రాళ్ళతోట వేశాడు. 1940లో ఏకంగా ఊరే కట్టడం మొదలెట్టాడు. గోస్ట్ టౌన్ అంటే దెయ్యాల ఊరు అని మనం భయపడనక్కరలేదు. గనులు ఖాళీ అయ్యాక జనం వదిలిపోయిన ఊళ్ళనుంచి పాత కట్టడాలు తెచ్చి నిలబెట్టిన పేట అది. వాళ్ళ అమ్మమ్మ గూడుబండిలో ఎడారి దాటి కాలిఫోర్నియా చేరిందట. ఆవిడ తరానికి గుర్తుగా కూడా కట్టించాడు.

అంటే వరుస చూడండి: ముందు వంటిల్లు, తర్వాత క్యూ, ఆ తర్వాత పార్కు. ఏడెనిమిది మైళ్ళ దూరంలోనే 1955 జులై 17న డిస్నీలాండ్ తెరిచినప్పుడు ఇక నాట్ వారి పని అయిపోయిందనుకున్నారు. తగ్గకపోగా జనం పెరిగారు. అంత దూరం కారులో వచ్చినవాళ్ళు రెండూ చూసిపోయేవారు మరి. చుట్టూ కంచె వేసి ప్రవేశ రుసుము పెట్టింది 1968లో. 1974లో కార్డీలియా, 1981లో వాల్టర్ పోయారు. 1997లో పార్కుని ఓ పెద్ద కంపెనీకి అమ్మేశారు. ప్రచారంలో ఎక్కువగా వాల్టర్ పేరే వినిపిస్తుంది. ఊరు కట్టింది ఆయనే, కాదనను. కానీ ఆ క్యూ ఎవరి చేతి వంట కోసం? ఆ మాట మాత్రం ఓ మూలకి నెట్టేస్తారు. భోజనశాలకి మాత్రం ఇప్పటికీ మిసెస్ నాట్ పేరే ఉంది.

పిల్లలూ మరిదిగారూ రైళ్ళెక్కడానికి పోయారు. నాకు ఎత్తంటే కళ్ళు తిరుగుతాయి. నేనూ చెల్లెలూ ఆ భోజనశాల ముందు వరసలో నిలబడ్డాం. ముందర ఇంకా ఇరవైమంది దాకా ఉన్నారు. కారులో ఇంకా ఓ డబ్బా పులిహోర మిగిలింది కదే, తెచ్చుకుందామా అన్నాను, అలవాటు పోక.

"ఉండనీ అక్కా. ఈ పూట ఎవరో వడ్డిస్తే తిందాం" అంది.

ఆ బెర్రీ పై కొంచెం పుల్లగా, కొంచెం తియ్యగా ఉంది. ఇద్దరం రెండోసారి కూడా తెప్పించుకున్నాం.