మన దిగులుని కొలిచే కాగితం ఎక్కడి నుంచి వచ్చింది?

నాది పేరాల. చీరాల-పేరాల అనగానే మీకు 1921, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు, ఊరు ఖాళీ చేసి రామనగర్ కట్టుకున్న జనం గుర్తొస్తారు. ఈరోజు చెప్పేది ఆ చరిత్ర కాదు. ఒక ప్రశ్నల కాగితం చరిత్ర.

నేను ఇంటర్ చదివేటప్పుడు హాస్టల్లో ఒక ఇంగ్లీషు ఫారం ఇచ్చారు. గత రెండు వారాలుగా ఎలా ఉన్నారని తొమ్మిది ప్రశ్నలు. అందులో 'డిప్రెస్డ్' అని ఉంది. సముద్రం ఒడ్డున పెరిగినవాళ్లం కదా, మాకు డిప్రెషన్ అంటే బంగాళాఖాతంలో వాయుగుండం! నవ్వుకుని అన్నిటికీ సున్నా పెట్టేశాను. నిజానికి ఆ నెలంతా నాకు నిద్ర లేదు, అన్నం సయించేది కాదు, అమ్మ ఫోన్ చేస్తే ఎత్తబుద్ధయ్యేది కాదు. కాగితం ప్రకారం మాత్రం భేషుగ్గా ఉన్నాను.

ఇలాంటి కాగితాలు ఎప్పుడు మొదలయ్యాయి? 1960లో ఇంగ్లండ్‌లో మాక్స్ హామిల్టన్ అనే డాక్టరు ఒక స్కేలు తయారుచేశారు. అది డాక్టరు నింపాల్సింది. 1961లో అమెరికాలో ఆరన్ బెక్ 21 అంశాల పట్టిక తెచ్చారు. 2001లో క్రోంకీ, స్పిట్జర్, విలియమ్స్ 'పీహెచ్‌క్యూ-9'ని సుమారు 6,000 మంది రోగుల మీద పరీక్షించి ప్రచురించారు. మొత్తం 27 మార్కులు. 10 గానీ అంతకు మించి గానీ వస్తే జాగ్రత్తగా చూడాలన్నారు.

కానీ వాళ్లంతా పెద్దవాళ్లు. 2010లో అమెరికాలోనే 13-17 ఏళ్ల 442 మంది మీద పరీక్షిస్తే, పిల్లలకి ఆ గీత 11 దగ్గర బాగా కుదిరింది.

గీత కుదిరిందని ఎలా తెలుస్తుంది? పిల్లలు ఫారం నింపుతారు. తర్వాత వివరమైన ఇంటర్వ్యూతో విడిగా నిర్ధారిస్తారు. రెండూ పోల్చి చూస్తారు. 11 దగ్గర గీత గీస్తే, నిజంగా డిప్రెషన్ ఉన్న వందమందిలో దాదాపు 90 మంది దొరికారు. లేని వందమందిలో కూడా 22 మంది దాకా పట్టుబడ్డారు. అంటే మార్కులు వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. ఎవరితో కూర్చుని మాట్లాడాలో చెబుతాయి, అంతే.

ఇక భాష. 'నిస్పృహ' అని రాస్తే పదో తరగతి పిల్లాడు అక్కడే ఆగిపోతాడు. మనం అనేది "దిగులుగా ఉంది", "ఏమీ తోచట్లేదు", "ఒకటే ఆలోచనలు". పైగా ఈ వయసులో దిగులు చాలాసార్లు చిరాకుగా బయటపడుతుంది. అందుకే టీనేజర్ల ఫారంలో చిరాకు అన్న మాట కూడా చేర్చారు. తెలుగులోకి మార్చాక వేరే మనిషితో తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి చూడాలి. ఆ తర్వాత పిల్లల దగ్గర కూర్చుని "ఇది చదివితే నీకేం అర్థమైంది?" అని అడగాలి.

జింబాబ్వేలో 1990లలో ఇంకో దారి పట్టారు. అక్కడి షోనా భాషలో జనం బాధని చెప్పుకునే మాటలే తీసుకుని 14 ప్రశ్నలు తయారుచేశారు. వాళ్ల మాట 'కుఫుంగిసిసా', అంటే అతిగా ఆలోచించడం. మన "ఒకటే ఆలోచనలు" లాంటిదే! మన దగ్గర కూడా విజయవాడ బస్తీల్లో 10-19 ఏళ్ల వాళ్లకోసం జార్జ్ ఇన్‌స్టిట్యూట్ 'ఆర్టెమిస్' అనే పరిశోధన చేసింది. అందులో వాడింది పీహెచ్‌క్యూ-9నే.

తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలన్న ఆలోచనల గురించి. దానికి అవునన్న పిల్లని ఒంటరిగా వదిలేసి ఫారం తీసుకుపోతే, అసలు అడగకపోవడమే నయం. అడిగినవాళ్లు పక్కన ఉండాలి, సాయం దాకా చేర్చాలి. మీకు అలా అనిపిస్తుంటే 14416కి ఫోన్ చేయండి. అది టెలీమానస్, 2022 అక్టోబరు 10న మొదలైంది. ఉచితం.

నా సంగతి చెప్పలేదు కదూ. ఆ ఫారం ఇచ్చిన వారానికి నా రూమ్మేట్ అడిగాడు: "ఏరా, అన్నం తినట్లేదేంటి?" అప్పుడు ఏడ్చాను. వాడే ఇంటికి ఫోన్ చేశాడు, నాన్న వచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు.

నాకు అర్థమయ్యేలా అడిగిన మొదటి ప్రశ్న అది. మీ పక్కవాణ్ణి ఈరోజు ఒకసారి అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.