కౌలురైతు జాడ: స్కాట్లాండ్ పారిష్, జనగణన పత్రాలలో బర్న్స్ కుటుంబం

వ్యాససంగ్రహం

18వ శతాబ్దపు స్కాట్లాండ్ రైతులలో అత్యధికులు కౌలుదారులు. సొంత భూమి లేనందువల్ల భూ యాజమాన్య పత్రాలలో వీరి పేర్లు అరుదు. చర్చి పుస్తకాలు, న్యాయస్థాన పత్రాలు, పన్ను పట్టీలు, తరువాతి కాలపు జనగణన - వీటిలోనే వీరి జాడలు చెదురుమదురుగా మిగిలాయి. కవి రాబర్ట్ బర్న్స్ జన్మించిన వ్యవసాయ కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకొని, ఒక్కొక్క రకం పత్రం దేనికోసం పుట్టింది, రైతు గురించి ఏమి చెబుతుంది, ఏమి విడిచిపెడుతుంది అన్న విషయాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: స్కాట్లాండ్, కౌలురైతు, పారిష్ పుస్తకాలు, కిర్క్ సెషన్, జనగణన, వంశచరిత్ర, రాబర్ట్ బర్న్స్.

1. ప్రవేశిక

రాబర్ట్ బర్న్స్ (1759-1796) స్కాట్లాండ్ జాతీయ కవిగా ప్రసిద్ధుడు. ఆయన తండ్రి విలియం బర్నెస్ ఒక సామాన్య కౌలురైతు. కుమారుడు కవి అయినందువల్ల ఈ కుటుంబ చరిత్రను జీవితచరిత్రకారులు వివరంగా నమోదు చేశారు. ఆ చరిత్ర తెలిసి ఉండటం పరిశోధనకు ఒక సౌలభ్యం. ఏ పత్రం ఎంతవరకు నిజం చెప్పగలదో సరిచూసుకోవడానికి అది గీటురాయిగా పనిచేస్తుంది. కుటుంబంలో కవి లేకపోయి ఉంటే ఈ రైతులలో ఎవరెవరు, ఏ మేరకు మనకు దొరికేవారు? స్కాట్లాండ్ రైతు పూర్వీకులను వెతికే ప్రతి ఒక్కరి ప్రశ్న ఇదే. వారి కుటుంబాలలో చాలావాటికి జీవితచరిత్రకారులు లేరు, పత్రాలు మాత్రమే ఉన్నాయి.

2. పారిష్ పుస్తకాలు: స్వరూపం, పరిమితులు

స్కాట్లాండ్ చర్చి పాలనలో పారిష్ ప్రాథమిక విభాగం. ఇటువంటి పారిష్‌లు సుమారు 900 ఉండేవి. బాప్తిస్మాలను, వివాహ ప్రకటనలను పుస్తకంలో రాయాలని 1552లో చర్చి మండలి ఆదేశించింది. మిగిలినవాటిలో అతి ప్రాచీనమైనది పెర్త్‌షైర్‌లోని ఎరల్ పారిష్ పుస్తకం. అది 1553లో మొదలవుతుంది. 1854 వరకు సాగిన ఈ సంపుటాలను 'పాత పారిష్ పుస్తకాలు' అంటారు. నేడు ఇవి ఎడిన్‌బరోలోని జాతీయ పత్రాగారం సంరక్షణలో ఉన్నాయి.

ఈ పుస్తకాలను ఆధారంగా తీసుకొనేముందు మూడు పరిమితులను గుర్తించాలి. మొదటిది, ఇవి జననమరణాల పుస్తకాలు కావు. బాప్తిస్మం, వివాహ ప్రకటన అనే చర్చి కార్యాలకు సంబంధించిన పుస్తకాలు. మరణాల నమోదు చాలా పారిష్‌లలో లేదు. ఉన్నచోట కూడా శవపేటికపై కప్పే వస్త్రానికి చెల్లించిన అద్దె పద్దుగానే అది కనిపించవచ్చు. రెండవది, ఇవి అధికారిక చర్చికి చెందినవి. 1733లో విడిపోయిన సెసెషన్ వర్గం వారి పిల్లలు, 1843 చీలికలో ఫ్రీ చర్చి వైపు వెళ్లిన కుటుంబాల పిల్లలు వీటిలో కనిపించకపోవచ్చు. మూడవది పన్ను. 1783 నుండి 1794 వరకు ప్రతి నమోదుకు మూడు పెన్నీల సుంకం ఉండేది. నిరుపేదలకు మినహాయింపు ఉన్నా, ఎందరో నమోదునే మానుకున్నారు. కనుక ఆ పదకొండేళ్లలో ఒక బిడ్డ పేరు పుస్తకంలో లేకపోతే ఆ బిడ్డ పుట్టలేదని నిర్ణయించరాదు.

బర్న్స్ కుటుంబం ఈ విషయంలో అదృష్టవంతురాలు. రాబర్ట్ 1759 జనవరి 25న ఆలొవేలో జన్మించాడు. మరునాడే విలియం డాల్రింపుల్ అనే మతగురువు బాప్తిస్మం ఇచ్చాడు. ఆలొవే 17వ శతాబ్దం చివరనే ఎయిర్ పారిష్‌లో కలిసిపోయింది. అందుచేత ఊరి పేరుతో వెతికేవారికి ఈ నమోదు దొరకదు, పారిష్ పేరుతో వెతకాలి. వెతకడానికి ముందే పారిష్ సరిహద్దుల చరిత్ర తెలుసుకోవలసిన అవసరాన్ని ఈ ఒక్క ఉదాహరణ చాటుతుంది.

3. పేరు: ఒక ఆనవాలు, నిరూపణ కాదు

విలియం ఇంటిపేరు బర్నెస్. దానిని రకరకాలుగా రాసేవారు. 1786లో రాబర్ట్, ఆయన తమ్ముడు గిల్బర్ట్ 'బర్న్స్' అనే రూపాన్ని స్థిరపరచుకున్నారు. తండ్రీకొడుకుల ఇంటిపేరే రెండు రూపాలలో ఉన్నప్పుడు, ఒకే రూపాన్ని పట్టుకొని వెతకడం వల్ల తరం తెగిపోతుంది. నమోదు చేసే గుమాస్తా విన్నదానిని విన్నట్లు రాసుకొనేవాడు. అక్షరక్రమానికి ఆ కాలంలో స్థిరమైన ప్రమాణం లేదు.

పేర్లు పెట్టడంలో స్కాట్లాండ్‌లో ఒక సంప్రదాయం ఉంది. మొదటి కుమారునికి తండ్రి తండ్రి పేరు, రెండవ కుమారునికి తల్లి తండ్రి పేరు, మొదటి కుమార్తెకు తల్లి తల్లి పేరు, రెండవ కుమార్తెకు తండ్రి తల్లి పేరు పెడతారు. విలియం, ఆగ్నెస్ బ్రౌన్ దంపతుల పిల్లలలో ఈ క్రమం స్పష్టంగా కనిపిస్తుంది. పెద్దకొడుకు రాబర్ట్‌కు తాత రాబర్ట్ బర్నెస్ పేరు, రెండవవాడు గిల్బర్ట్‌కు మాతామహుడు గిల్బర్ట్ బ్రౌన్ పేరు, పెద్దకూతురు ఆగ్నెస్‌కు అమ్మమ్మ పేరు వచ్చాయి. నాయనమ్మ ఇసబెల్లా కీత్ పేరు మాత్రం రెండవ కుమార్తెకు రాలేదు. 1764లో పుట్టిన ఆమె పేరు అనబెల్లా. ఇసబెల్లా అనే పేరు 1771లో పుట్టిన మూడవ కుమార్తెకు దక్కింది. ఈ సంప్రదాయాన్ని నియమంగా భావించిన పరిశోధకుడు నాయనమ్మ పేరు అనబెల్లా అని ఊహించి పొరపడతాడు. అందువల్ల పేర్ల క్రమాన్ని ఎక్కడ వెతకాలో చూపే ఆనవాలుగా తీసుకోవచ్చు గాని నిరూపణగా స్వీకరించరాదు.

స్కాట్లాండ్ పత్రాలలోని మరొక విశేషం స్త్రీ పుట్టింటి ఇంటిపేరు. బాప్తిస్మ నమోదులో తల్లి పేరు సాధారణంగా ఆమె సొంత ఇంటిపేరుతోనే ఉంటుంది. ఆగ్నెస్ బ్రౌన్ తన పిల్లల నమోదుల ద్వారా బ్రౌన్ కుటుంబంలోకి దారి చూపుతుంది. తల్లివైపు వంశాన్ని ఇంత సులభంగా అందించే పత్రాలు ఐరోపాలో అన్నిచోట్లా లేవు.

4. కౌలు, వలస, తగాదా

విలియం 1721లో ఈశాన్య తీరంలోని కింకార్డిన్‌షైర్, డనాటర్ పారిష్‌లో, క్లాక్నహిల్ అనే పొలంలో జన్మించాడు. యౌవనంలో ఎడిన్‌బరోకు, అక్కడినుండి 1750 ప్రాంతంలో నైరుతి దిక్కున ఉన్న ఎయిర్‌షైర్‌కు తోటమాలిగా వలస వెళ్లాడు. 1757 డిసెంబరులో వివాహం చేసుకున్నాడు. 1766లో మౌంట్ ఆలిఫాంట్ అనే 70 ఎకరాల పొలాన్ని ఏడాదికి 40 పౌండ్ల కౌలుకు చేపట్టాడు. 1777లో టార్బోల్టన్ పారిష్‌లోని 130 ఎకరాల లాక్‌లీకి మారాడు. 1784లో ఆయన మరణానంతరం కుటుంబం మాక్లిన్ పారిష్‌లోని మాస్‌గీల్‌కు చేరింది. 1788లో రాబర్ట్ డంఫ్రీస్‌షైర్‌లోని ఎలిస్‌లాండ్‌కు వెళ్లాడు. గిల్బర్ట్ చివరకు తూర్పున ఈస్ట్ లోథియన్‌లో స్థిరపడ్డాడు. తల్లి ఆగ్నెస్ 1820లో అక్కడే కన్నుమూసింది.

రెండు తరాలలో ఇన్ని పారిష్‌లు మారిన కుటుంబాన్ని ఒకే పారిష్ పుస్తకంలో వెతికితే, ఒక ముక్క తప్ప ఏమీ దొరకదు. ఈ ముక్కలను కలిపే సూత్రం పొలం పేరు. స్కాట్లాండ్‌లో రైతును అతని పొలం పేరుతో గుర్తించే వాడుక ఉంది. కాని తెలుగు ఇంటిపేర్లలో నిలిచిపోయిన ఊరి పేరు వలె అది వంశంతోపాటు నడవదు. కౌలు ముగియగానే ఆ గుర్తింపు తరువాతి రైతుకు చెందుతుంది.

లాక్‌లీ విషయంలో మరొక ముఖ్యాంశం ఉంది. కౌలు షరతులను లిఖితపూర్వకంగా రాసుకోలేదు. భూస్వామి డేవిడ్ మక్లూర్‌కు, విలియమ్‌కు మధ్య బకాయిలపై వివాదం తలెత్తింది. 1783లో విలియం పంట, పశువుల జప్తుకు ఉత్తర్వు వెలువడింది. వివాదం ఎడిన్‌బరోలోని కోర్ట్ ఆఫ్ సెషన్ వరకు వెళ్లింది. 1784 జనవరిలో తీర్పు విలియమ్‌కు అనుకూలంగా వచ్చింది. ఫిబ్రవరి 13న ఆయన మరణించాడు. గెలిచిన రైతుకు నెల రోజులైనా పూర్తిగా మిగలలేదు. రాతలేని కౌలు తగాదాను పుట్టించింది, తగాదా రాతలను పుట్టించింది. శిస్తు సక్రమంగా చెల్లించి, ఎవరితోనూ పేచీ పడకుండా జీవించిన రైతుకు ఇటువంటి పత్రాలు ఉండవు. పత్రాగారంలో కనిపించే రైతు తరచుగా కష్టంలో ఉన్న రైతే.

పన్ను పట్టీలు మరో మార్గం. 1797-98లో వ్యవసాయ గుర్రాలపై విధించిన పన్ను పట్టీలు గుర్రాల యజమానుల పేర్లను తెలుపుతాయి. అప్పటికి రాబర్ట్ మరణించాడు. గిల్బర్ట్ మాస్‌గీల్‌లో సాగు చేస్తున్నాడు. కనుక మాక్లిన్ పారిష్ పట్టీలో వెతకవలసిన పేరు గిల్బర్ట్‌ది. గుర్రం లేని కూలివాడికి ఆ పట్టీలో చోటు లేదు.

5. కిర్క్ సెషన్ పుస్తకాలు

ప్రతి పారిష్‌లో మతగురువు, సంఘ పెద్దలు కలిసిన సభను కిర్క్ సెషన్ అంటారు. పేదలకు సహాయం పంచడం, పారిష్ మారేవారికి ప్రవర్తనా పత్రాలు ఇవ్వడం, నీతి తప్పినవారిని విచారించడం దీని పనులు. మాక్లిన్ సెషన్ 1786లో జీన్ ఆర్మర్ గర్భం విషయాన్ని విచారించింది. రాబర్ట్ చర్చిలో బహిరంగంగా మందలింపు పొందాడు. అదే సంవత్సరం సెప్టెంబరులో కవలలు జన్మించారు. 1788 ఆగస్టు 5న సెషన్ వారి వివాహాన్ని గుర్తించింది. చర్చిలో జరగని ఈ వివాహానికి మామూలు వివాహ నమోదు కోసం వెతకడం వృథా. దాని సాక్ష్యం క్రమశిక్షణ పుస్తకంలో ఉంది.

ఈ ఆధారం విలువైనదే అయినా న్యాయమైనది కాదు. బర్న్స్ ఇంట పనిచేసిన ఎలిజబెత్ పేటన్‌కు 1785లో రాబర్ట్ వల్ల ఒక కుమార్తె పుట్టింది. అటువంటి పనిమనుషులకు కౌలు పత్రం లేదు, పన్ను పట్టీ లేదు. పెళ్లి కాకుండా తల్లి కావడం వల్లనే వారిలో ఎందరో పుస్తకాలకెక్కారు. చర్చి వారి పేరును తప్పు పేరుతో మాత్రమే నిలబెట్టింది.

6. జనగణన, పౌర నమోదు: ఇసబెల్లా సాక్ష్యం

1801లో మొదలైన బ్రిటిష్ జనగణన తొలి నాలుగు పర్యాయాలు ప్రధానంగా తలల లెక్క. ఇంటింటా పేర్లు రాసిన మొదటి జనగణన 1841 జూన్ 6 నాటిది. పౌర నమోదు 1855 జనవరి 1న నిర్బంధమైంది. విలియం ఏడుగురు పిల్లలలో ఈ రెండింటినీ చూసినది చివరి కుమార్తె ఇసబెల్లా ఒక్కతే. 1771 జూన్ 27న మౌంట్ ఆలిఫాంట్‌లో పుట్టి, 1793లో జాన్ బెగ్‌ను వివాహమాడి, 1858 డిసెంబరులో ఆలొవేలో మరణించింది.

జనగణన నియమాలను ఆమెకు అన్వయిస్తే వాటి స్వభావం తెలుస్తుంది. 1841లో 15 ఏళ్లు దాటినవారి వయస్సును ఐదు గుణిజానికి తగ్గించి రాయాలి. జూన్ 6 నాటికి ఆమెకు 69 నిండి 70 రాలేదు. నియమం ప్రకారం రాయవలసింది 65. దానిని యథాతథంగా నమ్మితే జన్మసంవత్సరం 1776 అవుతుంది, అసలుకు ఐదేళ్లు తేడా. ఆ జనగణన ఇంటిలోనివారి పరస్పర సంబంధాన్ని అడగలేదు. జన్మస్థలంగా ఆ కౌంటీలోనే పుట్టారా, లేదా అన్నది మాత్రమే అడిగింది. 1851 మార్చి 30న అసలు వయస్సు, సంబంధం, జన్మించిన పారిష్ అడిగారు. అప్పటికి ఆమెకు 79. తీసివేస్తే వచ్చేది 1772, పుట్టినరోజు ఇంకా రాకపోవడమే ఆ ఏడాది తేడాకు కారణం. అన్నిటికంటె విలువైనది జన్మ పారిష్ గడి. దానివల్ల వృద్ధాప్యంలోని జనగణన నుండి బాల్యంలోని బాప్తిస్మ పుస్తకానికి వంతెన ఏర్పడుతుంది.

రెండవ వంతెన మరణ నమోదు. 1855 నుండి స్కాట్లాండ్ మరణ పత్రంలో మృతుల తల్లిదండ్రుల పేర్లు, తండ్రి వృత్తి, తల్లి పుట్టింటి ఇంటిపేరు రాయాలి. 1858లో మరణించిన వృద్ధురాలి పత్రం 1757లో పెళ్లయిన దంపతులను పేర్కొనగలదు. ఒకే కాగితం నూరేళ్లను కలుపుతుంది. అయితే ఆ సమాచారం ఇచ్చేది బతికున్న బంధువు. అతని జ్ఞాపకం ఎంత నిజమో పత్రమూ అంతే నిజం.

పాలేర్ల విషయంలో 1851 జనగణన ఒక మలుపు. రైతు తన ఎకరాల సంఖ్యను, పనివారి సంఖ్యను చెప్పవలసి వచ్చింది. ఆ ఇంట్లో ఉండే పాలేరు, పనిపిల్ల పేరు, వయస్సు, జన్మ పారిష్ కూడా అదే పుటలో నమోదయ్యాయి. వీరిని ఆరునెలల ఒప్పందానికి కుదుర్చుకొనేవారు. మే, నవంబరు గడువులలో వీరు పొలం మారేవారు. వసంతంలో జరిగిన జనగణన మే గడువుకు ముందు రోజులను మాత్రమే చూపుతుంది. అయినా, ఏ తప్పూ చేయకుండానే పాలేరు పేరు తన యజమాని పేరు కింద చేరడం ఇక్కడ కనిపిస్తుంది. 1855 నుండి ఏటా తయారైన భూ విలువ పట్టీలు భూస్వామి, కౌలుదారు, నివాసి పేర్లను, అద్దెను తెలుపుతాయి. నాలుగు పౌండ్ల లోపు అద్దె ఇళ్లవారి పేర్లు రాయాలన్న నిర్బంధం వాటిలోనూ లేదు.

7. ముగింపు

పై పరిశీలన నుండి తేలిన అంశాలు ఇవి:

1. ఈ పత్రాలలో ఏదీ రైతును స్మరించడానికి పుట్టలేదు. చర్చికి ఆత్మలు, రాజ్యానికి పన్ను, భూస్వామికి శిస్తు కావాలి. రైతు ఆ అవసరం తగిలినచోట మాత్రమే కనిపిస్తాడు.

2. ఒక్క పత్రం గుర్తింపును నిర్ధారించలేదు. పేరు, పొలం, పారిష్, తల్లి ఇంటిపేరు - వీటిలో కనీసం రెండు, వేర్వేరు అవసరాలకు పుట్టిన పత్రాలలో ఏకీభవించాలి.

3. వెతుకులాట వెనుకకు నడవాలి. ఇసబెల్లా వలె ఎక్కువకాలం జీవించిన తోబుట్టువు, తాను వెతుకుతున్న పూర్వీకుడు కాకపోయినా, 1855కు ముందున్న తరానికి తలుపు తెరుస్తుంది.

4. కవిని పక్కన పెట్టినా విలియం బర్నెస్ దొరుకుతాడు: పిల్లల బాప్తిస్మాలలో, లాక్‌లీ తగాదాలో, చిన్నకూతురి మరణ పత్రంలో. దొరకని విషయం లాక్‌లీలో ఆయనతోపాటు నాగలి పట్టిన పాలేర్ల పేర్లు. మౌనంగా ఉన్న పుటను కూడా సాక్ష్యంగా చదివినప్పుడే రైతు పూర్వీకుని చరిత్ర ఆ పొలంలో శ్రమించిన వారందరి చరిత్ర అవుతుంది.