రాయల కాలమునకు పోయిన యంత్రము

సింగీతం శ్రీనివాసరావుగారి దర్శకత్వమున 1991లో వెలువడిన ‘ఆదిత్య 369’ చలనచిత్రమును ఎరుగని తెలుగువారు అరుదు. ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ 1895లో ప్రకటించిన కాలయంత్రపు కథ దానికి ప్రేరణము. ఇందలి యంత్రము నాయికానాయకులను 1526వ సంవత్సరమునకు, శ్రీకృష్ణదేవరాయల కొలువునకు చేర్చును. పిమ్మట 2504కు గొనిపోవును. రాబోవు కాలపు ఘట్టమును పిల్లలకు విడిచి, రాయల ఘట్టమును మాత్రమే ఇచట విమర్శింతును.

అది కనులపండువైన ఘట్టము. రాయలుగాను, నేటి యువకుడుగాను నందమూరి బాలకృష్ణగారే నటించిరి. (వారే 2014లో హిందూపురము నుండి శాసనసభకు ఎన్నికగుట చరిత్ర చేసిన చమత్కారము!) అయితే ఆనాటి కొలువు తీరును ఎరుగుటకు మనకు యంత్రముతో పనిలేదు. హిందూపురమునకు చేరువనున్న లేపాక్షికి పోయి తలయెత్తి చూచిన చాలును. పెనుకొండ అధికారియైన విరూపన్న అచ్యుతరాయల కాలమున, అనగా 1529కిని 1542కిని నడుమ, కట్టించిన వీరభద్రాలయపు కప్పుమీద పొడవైన కుళ్లాయిలు ధరించిన ప్రభువులు, రంగురంగుల చీరలు కట్టిన స్త్రీలు నేటికిని నిలిచియున్నారు. ఆ చీరల నమూనాలను ధర్మవరపు నేతగాండ్రు తమ పట్టుచీరలకు ఎత్తుకొనిరి. చిత్రములోని సభను ఈ సభతో పోల్చిచూచుట మంచి వినోదము.

నా ఆక్షేపణ వేరొకటి. 1526 వైభవమునకు శిఖరము. యంత్రము దిగుటకు అంతకన్న సుఖమైన చోటు లేదు. దానిని మరి ముప్పదితొమ్మిదేండ్లు ఇవతలకు, 1565కు, జరిపినచో ఏమి కనుపించియుండును? రక్కసతంగడి యుద్ధమున అళియ రామరాయలు కూలెను. తమ్ముడు తిరుమలరాయలు సదాశివరాయలను వెంటగొని, విజయనగరమును విడిచి, పెనుకొండ కోటను చేరెను. మన కథలన్నియు ఇచటనే తెర దించును. కాని రాజ్యము చావలేదు. పెనుకొండలోనే అరవీటివారు సింహాసనమెక్కిరి. బిజాపూరు, గోలకొండ సేనలు వచ్చి ముట్టడించెను, కోట నిలిచెను. రెండవ వేంకటపతిరాయలు రాజధానిని చంద్రగిరికి మార్చువరకు, రమారమి పాతికేండ్లు, రాయల సామ్రాజ్యమునకు ఊపిరి పెనుకొండయే. ఓడినవారు మరల ఇల్లు కట్టుకొన్న ఆ కాలమును ఏ దర్శకుడును చిత్రమునకు ఎన్నుకొనడేమి? నాకు ఆ పాతికేండ్లే ముద్దు.

పెనుకొండలోని గగనమహలు నేటికిని చూడదగియున్నది. దేవాలయ విమానమును తలపించు శిఖరమును, సుల్తానుల కట్టడములలోని వంటి కమానులును ఆ ఒక్క భవనముననే కలవు.